అంటించినవాడు వెళ్ళిపోయాక...

అంటించేవాళ్ళకీ ఊడదీసేవాళ్ళకీ ఈ లోకంలో ఏనాడూ పొత్తు కుదిరినట్టు లేదు. నమ్మకపోతే వంటింట్లోకి వెళ్ళి, మొన్న కొన్న స్టీలు గిన్నె ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఎక్కడ అంటిస్తే ఇల్లాలికి ఎక్కువ అవస్థో ఎవరో పనిగట్టుకుని ఆలోచించినట్టు, సరిగ్గా నడిబొడ్డున ఉంటుంది కంపెనీవారి చీటీ. లాగితే పై పొర వస్తుంది, అడుగు పొర ఉండిపోతుంది. గోరుతో గీకితే గోరు అరుగుతుంది గానీ అది అరగదు. చింతపండూ, బూడిదా, పీచూ అన్నీ అయ్యాక, హమ్మయ్య పోయిందిలే అనుకుని బీరువాలో పెడతాం. ఆర్నెల్లకి బయటికి తీస్తే, ఆ చీటీ ఉన్న మేరకి దుమ్ము నల్లగా పేరుకుని, ‘నేనింకా ఇక్కడే ఉన్నాను వదినా’ అని పలకరిస్తుంది!

అయినా గిన్నె విషయంలో ఒక సుఖం ఉంది. అది మన గిన్నె. గీతలు పడితే పడతాయి, పప్పుకేమీ రుచి తగ్గదు. కారు అలా కాదు. అందులోనూ పరాయివాళ్ళ కారు. అందులోనూ మాస్టారి కారు.

మాది రాజమండ్రి. పేరు రాజమహేంద్రవరం అని మార్చారు గానీ నా నోరు ఇంకా మారలేదు. మాస్టారంటే మా గోడ అవతలివారు. ఇరవై రెండేళ్ళుగా ఆ గోడ మీదుగా కూరగిన్నెలు అటూ ఇటూ తిరుగుతున్నాయే తప్ప, తేడాగా ఒక్క మాట తిరిగింది లేదు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఆయన ఒక చిన్న కారు కొన్నారు. పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేరు. దానిమ్మగింజ రంగు కారు. పొద్దున్నే పేపరు చదవడమైనా మానతారేమో గానీ దాన్ని తుడవడం మానరాయన. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, తరవాత తడిగుడ్డ, ఆ తరవాత పొడిగుడ్డ. మా వారు మేడ మీంచి చూసి, ‘నా వీపు కూడా ఎవరైనా ఇంత శ్రద్ధగా రుద్దితే బాగుండును’ అని నావైపు చూస్తారు. నేను వినబడనట్టు ఊరుకుంటాను.

మొన్న మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళయింది. పెళ్ళికూతురి కోసం మాట్లాడుకున్న బండి ఆఖరి నిమిషంలో రాలేదు. మేమెవరం అడగలేదు. మాస్టారే తాళాలు తెచ్చి మా వారి చేతిలో పెట్టి, “మన పిల్ల పెళ్ళికి వాడెవడి కారో దేనికోయ్!” అన్నారు. ఆయన ఆ మాట అని వెనక్కి తిరిగేలోగా డెకరేషన్ కుర్రాడు కారుని ఆక్రమించేశాడు. బానెట్ మీద బంతిపూల మాలలు, తలుపుల మీద కాగితపు గులాబీలు, డిక్కీ మీద థర్మోకోల్‌తో కోసిన హృదయం ఒకటి. వెనకద్దం మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో మా అమ్మాయి పేరు, దాని కింద ‘వెడ్స్’, ఆ కింద మా అల్లుడి పేరు. చెప్పొద్దూ, ముచ్చటగానే చేశాడు. “దేనితో అంటిస్తున్నావు బాబూ?” అని అడిగితే, “ఎంత స్పీడుగా పోయినా ఊడదండి మేడం, గ్యారంటీ” అన్నాడు. ఈ రోజుల్లో ఇచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను.

ఆ కారు కొత్త దంపతుల్ని అమలాపురం తీసుకెళ్ళి, వియ్యాలవారి వాకిట్లో రెండు రోజులు నిలువునా ఎండలో నిలబడి, మూడో రోజు సాయంత్రం తిరిగొచ్చింది. పూలన్నీ ఎవరో పుణ్యాత్ములు పీకేశారు. టేపులు మాత్రం అలాగే ఉన్నాయి! బానెట్ నిండా, తలుపుల మీదా అడ్డదిడ్డంగా పార్సిళ్ళకి వేసే గోధుమరంగు టేపు. అక్షరాల వెనకా, ఆ హృదయం వెనకా రెండువైపులా అంటుకునే దళసరి టేపు. మర్నాడు శనివారం. ఆదివారం తెల్లవారుజామున మాస్టారూ పిన్నిగారూ అదే కారులో అన్నవరం ప్రయాణం.

మాస్టారు చూస్తే ఏమంటారు? ఏమీ అనరు. అదే నా భయం. కోప్పడేవాళ్ళతో చిక్కులేదు, కోప్పడతారు, తగ్గుతారు. ఈయన కిమ్మనకుండా గుడ్డ తీసుకుని, మంకుగా తుడుచుకుంటూ కూర్చుంటారు. కారు మీద పడ్డ గీత కారు మీదే ఆగుతుందా? మెల్లిగా గోడ దాకా వస్తుంది. ఇరవై రెండేళ్ళ గోడ!

శనివారం పొద్దున్న మా పోర్టికోలో సభ కూడింది. పెళ్ళికొచ్చిన చుట్టాలు ఇంకా నలుగురు మిగిలి ఉన్నారు గనక సలహాలకి కొదవ లేదు. మా వారు గడ్డం గీసుకునే బ్లేడుతో దిగారు. మా మరిది, ఎప్పుడో కిటికీ ఊచలకి రంగులేసిన అనుభవం కొద్దీ, థిన్నరు సీసా పట్టుకొచ్చాడు. మా ఆడపడుచు హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్ళరంగు తుడిచే మందు తీసింది. “కూసింత పెట్రోలు పోసి గిన్నెలు తోమే పచ్చపీచుతో రెండు రుద్దులు రుద్దితే పోద్దమ్మా” అంది మా పనిమనిషి. నేను ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. కొంగు బిగించి కారుకి అడ్డంగా నిలబడ్డాను.

కారు తళతళ అంటే మనం రంగుదనుకుంటాం గానీ, అది రంగుది కాదండీ. ఇనపరేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ రంగు మీద అద్దంలాంటి పారదర్శకమైన పూత ఒకటి ఉంటాయి. ఆ పై పూతని క్లియర్ కోటు అంటారు. మెరుపంతా దానిదే. మరి దాని మందం ఎంత? సుమారు 40, 50 మైక్రాన్లు. నా తలలోంచి నెరిసిన వెంట్రుక ఒకటి పీకి మా మరిది చేతిలో పెట్టాను. “ఇది సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. మీ అన్నగారి బ్లేడు దిగబోయేది ఇంతకన్నా పల్చటిదాని మీద” అన్నాను. మా వారు బ్లేడు జేబులో పెట్టుకున్నారు.

థిన్నరు చేసేదే పెయింటుని కరిగించే పని. అది పై పూతని మెత్తబరిచి మసకబారుస్తుంది. గోళ్ళరంగు తుడిచే మందులో తరచుగా ఉండేది ఎసిటోన్. గోళ్ళ మీది పూతను కరిగించేది, కారు మీది పూత దగ్గరికొచ్చేసరికి మొహమాటపడి ఊరుకుంటుందా? దీపాల మీదుండే ప్లాస్టిక్కుకి తగిలితే అది తెల్లగా పాలిపోయి పగుళ్ళు కూడా తీస్తుంది. పెట్రోలుకి నిప్పు భయం ఒకటీ, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు ఉబ్బిపోతుందన్న భయం ఒకటీ. ఇక పచ్చపీచు... దానిలో గరుకుపొడి ఉండబట్టే గిన్నె మాడు వదిలేది. ఇంకేం చెప్పను!

“ఇవన్నీ కాదంటే ఇంకేం మిగిలిందే?” అన్నారు మా వారు.

మిగిలింది కొబ్బరినూనె.

టేపు వెనకుండే జిగురు నీళ్ళకి చలించదు. వేడి తగిలితే మెత్తబడుతుంది, నూనె తగిలితే ఉబ్బి పట్టు వదిలేస్తుంది. నూనెచేతులకి అంటిన పనసపండు జిగురు రాదని మన అమ్మమ్మలకి తెలుసు. ఇదీ ఆ లెక్కే. అయితే ఎండలో ఎన్నాళ్ళుంటే అంత మొండికేస్తుంది. పై ప్లాస్టిక్కు పెళుసెక్కి ముక్కలుముక్కలుగా చిరుగుతుంది, జిగురు అడుగున గట్టిపడి కూర్చుంటుంది. మాది ఇంకా మూడు రోజుల జిగురే గనక ధైర్యంగా ఉంది.

పని మొదలెట్టబోతుంటే మా మేనల్లుడు, ఇంజనీరింగు చదివే కుర్రాడు, ఫోనులోంచి తలెత్తి, “అత్తా, టేపు పుట్టిందే కారు కోసం, తెలుసా?” అన్నాడు. వాడు చెప్పింది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్లంటే మోజట. ఒక రంగు వేస్తుంటే రెండోదాని మీద పడకుండా పాత పేపర్లు జిగురుతో అంటించేవారు. తీసేటప్పుడు పేపరుతోబాటు రంగూ లేచొచ్చేది. గరుకు కాగితం తయారుచేసే త్రీఎం కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రాడు ఉండేవాడు. ఒక షెడ్డులో పెయింటరు దీని గురించి తిట్టుకుంటుంటే విని, నేను చేసిపెడతానని మాటిచ్చాడట. 1925 నాటికి, రంగు చెడకుండా ఊడివచ్చే మాస్కింగ్ టేపు తయారుచేశాడు. 1930లో వచ్చిన పారదర్శకపు టేపూ అతనిదే. కారు రంగు కాపాడడానికి పుట్టిన వంశంలోంచి మా కారు మీదికి ఇలాంటివాడు తయారయ్యాడన్నమాట!

నాకు అంతకన్నా నచ్చింది వెస్టా స్టౌట్ గారి సంగతి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇలినాయ్ రాష్ట్రంలో, తూటాల పెట్టెలు కట్టే కర్మాగారంలో పనిచేసేదావిడ. ఇద్దరు కొడుకులు నౌకాదళంలో ఉన్నారు. ఆ పెట్టెలకి వేసిన కాగితపు టేపు కొస పట్టి లాగితే చిరిగి చేతికొచ్చేది. శత్రువు మీదికొస్తుంటే పిల్లలు గోళ్ళతో గీక్కుంటూ కూర్చోవాలా అని ఆ తల్లి దిగులు. గుడ్డతో చేసిన గట్టి టేపు వాడమని పైవాళ్ళకి చెప్పింది, కదల్లేదు. 1943లో ఏకంగా ప్రెసిడెంటు రూజ్‌వెల్టుకే బొమ్మలు గీసి మరీ ఉత్తరం రాసింది. పని జరిగింది! ఇవాళ డక్ట్ టేపు అని వాడుతున్నది ఆ ఉత్తరం చలవే. ఊడదీసేవాళ్ళ గురించి ఆలోచించి అంటించిన మనిషి చరిత్రలో ఒక్కరైనా ఉన్నారని నాకు ఊరట కలిగింది. ఆ ఒక్కరూ ఒక తల్లి కావడంలో వింతేముంది గానీ...

సరే, కారు. ముందు నీడకి తెచ్చి, రేకు చల్లబడేదాకా ఆగాం. తరవాత బక్కెట్ల కొద్దీ నీళ్ళతో, కారు షాంపూతో కడిగించాను. ‘టేపు తియ్యడానికి స్నానమెందుకు’ అని మా మరిది విసుక్కున్నాడు. దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దడమంటే గరుకు కాగితంతో రుద్దడమేనయ్యా అన్నాను.

ఆ తరవాత మా అమ్మాయి గదిలోకి వెళ్ళి, అద్దం పక్కన అలమారులో ఉన్న దాని హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. టేపుకి జానెడు దూరంలో పట్టుకుని, ఒక్కచోట ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఒక నిమిషం వేడిగాలి కొట్టాను. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అప్పుడు ఒక మూల గోటితో లేపి, టేపుని పైకి గుంజకుండా, దాని మీదికే దాన్ని మడిచి, రేకుకి సమాంతరంగా మెల్లిగా వెనక్కి లాగాను. పసిపిల్లవాడి చేతి మీద ప్లాస్టరు తీస్తామే, అంత నెమ్మదిగా. ఎక్కడ మొండికేస్తే అక్కడ మళ్ళీ వేడిగాలి. లేవనిచోట చెల్లిపోయిన బ్యాంకు కార్డు అంచు దూర్చాను. ప్లాస్టిక్కు గనక గీత పడదు. కత్తులూ పుట్టీ రేకులూ ఆ దరిదాపులకి రానివ్వలేదు.

టేపు వచ్చింది. జిగురు చారలు మిగిలాయి. మాఘమాసపు చలికి కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటే, ఎండలో పెట్టి కరిగించి, మెత్తటి గుడ్డలు తడిపి చారల మీద పరిచాను. పది నిమిషాలు. ఈ పది నిమిషాల్లోనే మగవాళ్ళు పాడుచేస్తారు. వాళ్ళకి ఏదో ఒకటి రుద్దుతూ ఉండాలి! ఆగితే, జిగురు తనంతట తానే మెత్తబడి, బొటనవేలితో తోస్తే సున్నిపిండి మట్టిలా ఉండలు చుట్టుకుని వచ్చేసింది. పొడిగా మిగిలిన మరకల మీద, ఊడదీసిన టేపు ముక్కనే అద్ది లాగితే కొంత దానితో వచ్చింది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలిగా.

డిక్కీ మీది హృదయం ఊడదీయడం మహా కష్టమైంది. దాని దళసరి టేపు కింద గోరు దూరదు, కార్డు దూరదు. ఎదురింటి కుర్రాడి దగ్గర గాలానికి కట్టే నైలాన్ దారం ఉంటే అడిగి తెప్పించి, రెండు కొసలూ రెండు చేతులకి చుట్టుకుని, ఉడికిన గుడ్డుని దారంతో కోస్తామే, అలా రేకుకి ఆనించి రంపంలా లాగాను. హృదయం రెండు నిమిషాల్లో చేతిలోకొచ్చింది. అడుగున మిగిలిన మందపాటి జిగురు కొబ్బరినూనెకి లొంగకపోతే నీలగిరి తైలం తీశాను. అదైనా ముందు తలుపు లోపలి అంచున, కనబడనిచోట, ఒక చుక్క వేసి తుడిచి చూసి, రంగు గుడ్డకి అంటడం లేదని రూఢి చేసుకున్నాకే. నీలగిరి తైలం తీసేముందు హెయిర్ డ్రయ్యర్ ప్లగ్గు పీకేశాను. వాసనకి ఎంత మంచిదైనా అది నిప్పంటుకునే సరుకు.

ఎడమ తలుపు కింది భాగం మాత్రం నాకు చెమటలు పట్టించింది. నిరుడు గేటు రాసుకుంటే అక్కడ మాస్టారు షెడ్డులో మళ్ళీ రంగు వేయించారు. ఫ్యాక్టరీలో వేసిన రంగుకున్న పట్టు, తరవాత వేసినదానికి ఉండదు. టేపుతోబాటు చెక్కలా లేచొచ్చేస్తుంది. అక్కడ గుంజడమన్న మాటే లేదు. అంచుల వెంట నూనె పోస్తూ, అది లోపలికి పాకేదాకా ఆగుతూ, గంటసేపు ఆ జానెడు టేపు దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాను. పురిటి మంచం దగ్గర కూడా అంత ఓపిగ్గా కూర్చోలేదు. వచ్చింది, ఒట్టి టేపే వచ్చింది. వెనక రంగు మచ్చ కూడా లేదు. అప్పుడు గానీ మంచినీళ్ళు తాగలేదు.

వెనకద్దం చివరికి ఉంచాను. అల్లుడి పేరు మా మరిదికి అప్పగించాను. అల్లుడిగారి పేరు అత్తగారు గీకడమేమిటి, బాగుండదు. అద్దం మీద బయటివైపు బ్లేడు వాడినా ప్రమాదం లేదు గనక, వాడి చేతికి బ్లేడు ఇచ్చి ముచ్చట తీర్చాను. అద్దం లోపలివైపు మంచు కరిగించే సన్నటి తీగల గీతలు కొన్ని కార్లకి ఉంటాయి. వాటి మీద మాత్రం బ్లేడు పెట్టకూడదు. మా అమ్మాయి పేరు నేను తీసుకున్నాను. ఐదు అక్షరాలు. దారంతో ఒక్కొక్కటే.

మూడో అక్షరం దగ్గర ఉండగా ఫోను మోగింది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“నీ పేరు ఊడదీస్తున్నానే” అని నవ్వాను.

అటునుంచి నవ్వు రాలేదు. కాసేపాగి, “పొద్దున పిన్నితో మాట్లాడుతుంటే ఏదో హోరు వినిపించింది. నా డ్రయ్యరేనా?” అంది.

“నీదే. మర్చిపోయి వెళ్ళావుగా. ఈసారి ఎవరైనా అటు వస్తే పంపిస్తాలే.”

“మర్చిపోలేదమ్మా. అక్కడ ఉంచాను” అంది.

ఏమనాలో నాకు తోచలేదు. అక్కడి కబుర్లేవో రెండు చెప్పి, అత్తగారు పిలుస్తున్నారని పెట్టేసింది. నేను ఫోను కొంగుకి తుడుచుకుని మిగిలిన రెండక్షరాలూ తీశాను. ఐదు థర్మోకోల్ ముక్కలూ చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాక, డ్రయ్యర్‌తోబాటు దాని అలమారులో పెట్టొచ్చాను.

సాయంత్రానికి కారు మొత్తం మళ్ళీ షాంపూతో కడిగాం. నూనె జిడ్డు వదిలేస్తే ఊళ్ళో దుమ్మంతా దాని మీదే వాలుతుంది. ఆరాక మైనం పాలిష్ మెత్తగా పట్టించాం. మాస్టారొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. ఎడమ తలుపు దగ్గర ఆగి, వంగి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. నేను ఊపిరి బిగబట్టాను. “మైనం కూడా వేశావుటే అమ్మాయీ!” అని తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. రాత్రి పిన్నిగారి దగ్గర్నించి గోడ మీదుగా పనసపొట్టు కూర వచ్చింది.

ఆదివారం తెల్లవారుజామున లేచి, వాళ్ళు బయల్దేరుతుంటే చూద్దామని నేనూ వెళ్ళాను. వాకిట్లో కారు నిండా మంచు పట్టి ఉంది. మాస్టారు గుడ్డతో తుడుచుకుంటూ వస్తున్నారు. నేను వెనకవైపు వెళ్ళి చూస్తే, మసకమసగ్గా ఉన్న అద్దం మీద స్పష్టంగా ఐదక్షరాలు! జిగురు జాడ కంటికి కనబడనంత ఉన్నా సరే, మంచు అక్కడ ఒకలాగ, మిగతాచోట ఇంకొకలాగ వాలుతుంది. పగలు ఎంత వెతికినా కనబడదు. స్పిరిట్ దూదితో ఒక్కసారి తుడిస్తే పోతుంది. గబగబా ఇంట్లోకి పరిగెత్తి స్పిరిట్ సీసా, దూదీ తెచ్చాను.

నేనొచ్చేసరికి మాస్టారు ముందద్దం తుడిచేశారు. పక్కద్దాలు తుడిచేశారు. బానెట్, తలుపులు, డిక్కీ అన్నీ అయిపోయాయి. గుడ్డ పిండి మడత పెడుతున్నారు. వెనకద్దం ఒక్కటీ అలాగే ఉంది.

“ఒక్క నిమిషం మాస్టారూ, అది కూడా తుడిచేస్తాను” అన్నాను.

“ఎండొస్తే అదే పోతుందిలేవే” అని ఆయన ఎక్కి కూర్చున్నారు.

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆ ఐదక్షరాలూ కనబడుతూనే ఉన్నాయి. కింద మా అల్లుడి పేరు మాత్రం ఒక్క అక్షరం లేదు. మా మరిది చాలా శుభ్రంగా తుడిచాడు.